పెద్దసాబు గాముఛా, మా అక్క మూకుడు

ఆ రోజుల్లో ఇరవై రెండేళ్ల కుర్రాడి చేతిలో డిప్లమా కాగితం పెట్టి, చొక్కాకి ఫ్యాక్టరీ బిళ్ల తగిలిస్తే చాలు, వాడి కంటికి లోకంలో సరిగ్గా కట్టినది ఒక్కటీ కనిపించేది కాదు. వంతెన చూస్తే వంకర, మేడ చూస్తే లోపం. తనకంటే ముందు పుట్టిన ఇంజనీర్లంతా తొందరపడి పుట్టేశారని, తను వచ్చేదాకా ఆగి ఉంటే బాగుండేదని వాడి నమ్మకం. నేనూ ఆ బాపతు వాణ్ణే. కాకపోతే నా ప్రతాపానికి వంతెనలూ మేడలూ దొరకలేదు. ఒక ఈతకొలను అడుగున ఉన్న తూము దొరికింది. ఇప్పుడు జుట్టు ముందు నుంచీ ఊడిపోతూ, పొట్ట ఎటు పడితే అటు పెరుగుతున్న వయసులో ఆ తూము గురించి నాలుగు నిజాలు చెప్పాలని కూర్చున్నాను. ఎందుకంటే మా పాత కాలనీ వాళ్లు ఏ పెళ్లిలో కలుసుకున్నా ఈ కథ చెప్పుకుంటారు. ఆ కథలో నేను మేధావిని, మా బావ మొరటు మనిషి. ఈ రెండింట్లో మొదటిది అబద్ధం, రెండోది పచ్చి అబద్ధం. ఇన్నాళ్లూ నేను ఆ కథ విని, వడ్డించిన లడ్డూ తింటూ, వినయంగా తల దించుకుని నవ్వాను. (ఆ వినయం ఒక్కటే మా అక్కకి మంట. "నవ్వుతాడు సూడు, పెళ్లికూతురు నాగ" అంటుంది.)

కొరాపుట్ కొండల మీద మా ఫ్యాక్టరీ కాలనీ. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను మా అక్కా బావల క్వార్టర్లోనే ఉండేవాణ్ణి. బావ పంపు ఆపరేటరు. మనిషి గుమ్మం నిండా ఉండేవాడు, గొంతు పంపు మోతని మించి వినిపించేది. కాలనీ అంతా ఆయన్ని పంపుబావ అనేవారు, వయసుతో పనిలేకుండా. క్లబ్బు వెనక ఈతకొలనుకి నీళ్లు తిప్పే పంపులు ఆయన చేతిలో ఉండేవి. వాటిని ఆయన కాడెద్దుల్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు, పొద్దున్నే తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఆదివారం ఆదివారం బొట్టు పెట్టి.

ఆ కొలను ఇంచుమించు చదరంగా ఉండేది. ఒక గోడలో ఉన్న నాలుగు గొట్టాల్లోంచి శుభ్రమైన నీళ్లు లోపలికొస్తాయి. ఎదుటి గోడ అడుగున ఒకే ఒక తూము, దాని మీద ఇనప ఊచల జాలీ. అందులోంచి మురికి నీళ్లు పంపు దాకా పోయి, ఇసక తొట్టెలో వడకట్టుకుని మళ్లీ గొట్టాల్లోంచి పైకొస్తాయి. కాగితం మీద ఇంతకంటే చక్కని ఏర్పాటు లేదు. చిక్కల్లా ఒకటే, ఆకులు కాగితాలు చదవవు. చుట్టూ వరసగా సిల్వర్ ఓక్ చెట్లు. నీళ్ల మీద తేలే ఆకుల్ని వలతో ఎత్తిపారేయొచ్చు. ఒకటి రెండు రోజులు నాని అడుక్కి దిగినవి మాత్రం తూము వైపు తిరిగి చూసేవి కావు. గొట్టాల్లోంచి వచ్చే నీటి జోరుకి దొర్లుకుంటూ పోయి, ఎదుటి గోడకి కొట్టుకుని, చెరో మూలా చేరి స్థిరనివాసం ఏర్పరుచుకునేవి. వాటి వెనకే ఎర్రమట్టి, మట్టి వెనకే నాచు, నాచు వెనకే కప్పలు. అందుకని ప్రతి శనివారం కొలను మొత్తం ఖాళీ చేసి, మూలలు తవ్వి, మళ్లీ నింపేవారు.

క్వార్టర్లలో కుళాయి గంటసేపే వచ్చే రోజులవి. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల ఎదుటే అంత నీరు కాలవలోకి పోతుంటే ఊరుకుంటారా! అందరికంటే ముందు మా అక్కే అంది: "మాకు అన్నం వొండుకోడానికి బిందెడు నీల్లు నేవు గానీ, మీ దొరలు ములగడానికి సెరువు గావాలేటి? ఆ పంపు తిప్పే మారాజు మా ఇంట్లోనే ఉన్నాడు గదా, సెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నాది." బావ గోడవైపు తిరిగి అంబలి తాగేవాడు.

ఈ గోల కాలనీ పెద్దసాబు చెవిన పడింది. ఆయన ఒడియా పెద్దమనిషి, పొట్టిగా, గుండ్రంగా, నెమ్మదిగా ఉండేవాడు. ఎవరేం అడిగినా "హౌ, హౌ" అనేవాడు, అలాగే అలాగే అని అర్థం. కానీ ఈసారి హౌ అనలేదు. నన్నూ బావనీ పిలిపించి, తనకొచ్చిన తెలుగులో, "చూడు బాబూ, వేసవి ఆటల పోటీల దాకా చూస్తాను. నీళ్లు పారబోయకుండా కొలను శుభ్రంగా ఉంటే ఉంచుతాను. ఆకు కనిపించిందా, మట్టి పోయించి గులాబీలు వేస్తాను" అన్నాడు. గులాబీలకి పంపు ఆపరేటరు అక్కర్లేదు. కొలను పోతే బావని కొండ దిగువన రిజర్వాయరు పంపుహౌసుకి వేస్తారు. అక్కడ క్వార్టరు లేదు, రేకుల షెడ్డు తప్ప. బడి లేదు. మా మేనకోడలు అప్పుడే రెండో తరగతి. అక్క పిల్లని తీసుకుని గుణుపురం పక్కన తన అత్తవారి పొలాల దగ్గరికి పోవాలి, బావ ఇక్కడ ఒంటరిగా. అంటే ఆ మూలన కూర్చున్న నాలుగు కుళ్లిన ఆకుల మీద మా ఇల్లంతా ఆధారపడి ఉందన్నమాట.

"తూము సిన్నది బావా, ఊచలు ఎక్కువ" అన్నాను నేను. "పంపు గట్టిదిరా, గుర్రంలాటిది. ఒకటి గాదు, రెండూ ఒక్కసారి ఏస్తే కొండని నాగీగలదు" అన్నాడు బావ. ఇద్దరివీ గొప్ప బుర్రలే. ఆ శనివారం కొలను ఖాళీ చేసినప్పుడు అందరూ భోజనానికి పోయాక, నేను ఒక్కణ్ణే అడుక్కి దిగి, జాలీలో ఊచ విడిచి ఊచ రంపంతో కోసేశాను. కోసిన ఊచలు పంపుహౌసులో బ్లీచింగ్ పౌడర్ పీపాల వెనక దాచాను. (పనిచేస్తే నేనే చెప్పుకుందామని, చెయ్యకపోతే ఎవరికీ తెలియకూడదని. ఇంజనీరింగులో నేను మొట్టమొదట స్వయంగా నేర్చుకున్న పాఠం ఇది.) సందు పెద్దదైతే ఆకు పోతుంది, అంతవరకు ఆలోచించాను. ఆకు పోయే సందులోంచి ఇంకేం పోతుందో ఆలోచించే తీరిక లేదు. బావతో మాత్రం, "రేపు పొద్దున్న రెండు పంపులూ ఒక్కసారి వెయ్యి" అన్నాను. "ఏలరా?" అన్నాడు. "వెయ్యి, సూద్దువు గాని" అన్నాను.

పెద్దసాబుకి ఒక నియమం ఉండేది. రోజూ పొద్దున్నే ఒంటికి ఆవనూనె రాసుకుని కొలనులో స్నానానికి వస్తాడు. మిగతా ఆఫీసర్లలా ఈత నిక్కరు వేసుకోడు. ఎర్రగళ్ల గాముఛా, అంటే వాళ్ల తుండుగుడ్డ, నడుముకి చుట్టుకుని దిగుతాడు. "మా తాత ఏట్లో ఇదే కట్టుకుని ఈదాడు, మునిగిపోలేదు" అనేవాడు. ఆ ఆదివారం మంచు ఇంకా విడలేదు. ఆయన తన మెడలోతు వచ్చేచోట, అంటే సరిగ్గా తూము ఉన్న గోడ దగ్గర, నిలబడి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు. బావ పంపుహౌసులో రెండు స్విచ్చులూ ఒక్కసారే వేశాడు. పంపులు గుర్రుమన్నాయి, ఆ తర్వాత పొలమారినట్టు ఒక చప్పుడు చేశాయి, ఆ తర్వాత బావ కంగారుగా ఆపేశాడు. పెద్దసాబు కళ్లు తెరిచాడు. నీళ్లలోకి ఒకసారి చూసుకున్నాడు. తల ఎత్తి, ఎవరో దూరపు చుట్టం ప్రయాణమైపోయిన కబురు చెప్పినట్టు చాలా గంభీరంగా, "బాబూ, మో గాముఛా ఎల్లిపోయింది" అన్నాడు.

బావ ధోవతి తేవడానికి ఆయన బంగళాకి పరిగెత్తాడు. అక్కడ అమ్మగారు, "అదేమిటి, సాబు గాముఛా కట్టుకునే కదా వెళ్లారు?" అన్నారట. "కట్టుకునే ఎల్లేరమ్మా. కానైతే అదిప్పుడు పంపులో ఉన్నాది" అన్నాడట బావ. ఆవిడకి అది ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. ఆవిడకి అర్థమయ్యేలోగా ఇక్కడ పొద్దుటి షికారు వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కొలను గట్టు మీద నిలబడ్డారు. పెద్దసాబు ఇటు తిరిగితే అటు నమస్కారం, అటు తిరిగితే ఇటు నమస్కారం. ఎవరికీ వీపు చూపించడానికి వీల్లేదు, మంచులాంటి నీళ్లలో కదలకుండా నిలబడటానికీ వీల్లేదు. "బాబూ, రా" అన్నాడు నన్ను. నేను బూట్లతో సహా దిగి, ఆయన వెనక తెరలా నిలబడ్డాను. ఆయన నడిచాడు, నేనూ నడిచాను. అలా గోడల వెంబడి, కొలను చుట్టూ ప్రదక్షిణం మొదలైంది. అకౌంట్స్ గుమాస్తా ఒకాయన గట్టు మీద నుంచి వంగి, "సార్, నా క్వార్టరు మార్పిడి సంగతి..." అన్నాడు. "హౌ, హౌ" అన్నాడు పెద్దసాబు నడుస్తూనే. ఇంకొకాయన సెలవు అడిగాడు. "హౌ." (ఆ పొద్దున నీళ్లలో మంజూరైన పనులు ఆఫీసులో ఏడాదంతా కాలేదని చెప్పుకునేవారు.)

ఎంతసేపు తిరిగామో తెలియదు. నాకు పళ్లు టకటకలాడుతున్నాయి. సిగ్గుతో ఆయన ముఖం చూడలేక తల దించుకుని అడుక్కి చూస్తూ నడుస్తున్నాను. నీళ్లు మాతోపాటు నెమ్మదిగా తిరుగుతున్నాయి. మూలల్లో మిగిలిన ఆకులు లేచాయి, తోడుగా వచ్చాయి, తర్వాత మమ్మల్ని వదిలేసి లోపలికి, ఇంకా లోపలికి జరిగాయి. చూస్తుండగానే కొలను నడిమధ్య అడుగున, ఎవరో చీపురుతో ఊడ్చి పెట్టినట్టు, చక్కగా కుప్ప పడ్డాయి. ఏ పంపూ కదల్చలేని ఆకులు!

"వచ్చేశాయి సార్!" అని కేక వేశాను.

"ధోతీయా?" అన్నాడు ఆయన ఆశగా.

"కాదండి, ఆకులు!"

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ధోవతి వచ్చాక, గట్టెక్కి, దాన్ని గట్టిగా బిగించి కట్టుకుని, బావ వైపు వేలు చూపించి, "రెండు పంపులు ఎవరు వేయమన్నారు? మనిషి ఉన్నాడని చూడవా? గడువు దాకా ఆగుతాను. ఆ తర్వాత ఆకు కనిపిస్తే ఈ కొలనూ ఉండదు, ఇతనూ ఉండడు" అన్నాడు. నేను నోరు తెరిచాను. వేయమన్నది నేనే. అసలు గుడ్డ పోయింది పంపు జోరుకి కాదు, నేను కోసిన ఊచల సందులోంచి. తెరిచిన నోరు మూసుకుని, వంగి బూట్లలోంచి నీళ్లు వంపుకున్నాను. బావ, "తప్పయిపోనాది బాబూ" అని చేతులు కట్టుకున్నాడు. సాయంత్రానికి పంపుబావ కాస్తా గాముఛాబావ అయిపోయాడు.

ఆ పేరు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. వంటింట్లో గంగాళంలో నీళ్లు పోసి, వాడేసిన టీ పొడి చల్లి, గరిటెతో తిప్పాను. అడుగున పొడి మధ్యకి చేరింది. పళ్లెంలో తిప్పాను, డేగిసాలో తిప్పాను, చివరికి నలుచదరపు రేకు డబ్బాలో కూడా తిప్పాను. ఎక్కడైనా అంతే, నీరు గుండ్రంగా తిరిగితే అడుగున ఉన్న చెత్త నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది. ఏ ఇంట్లో పప్పు కడిగినా కనిపించే సంగతే, నా పుస్తకాల్లోనూ ఉండే ఉంటుంది. కాకపోతే ఆ పేజీ నాకు పెద్దసాబుతో కలిసి ప్రదక్షిణం చేస్తే తప్ప తెరుచుకోలేదు. అక్క వచ్చి చూసి, "ఇంట్లో గిన్నెలన్నీ నీ పాలేనేటిరా? మరి మేం దేంట్లో వొండుకోవాల?" అంది. బావ మాత్రం పీట వాల్చుకుని గంగాళం ముందు కూర్చుని, పొడి కుప్పపడటం చూసి, "మల్లీ తిప్పు" అన్నాడు. మళ్లీ తిప్పాను. "మల్లీ" అన్నాడు. ఆ పూట ఆయన మొహంలో నవ్వు చూశాను.

అసలు తప్పు అప్పుడు అర్థమైంది. ఎంత గట్టిగా పీల్చామన్నది కాదు ముఖ్యం. నీళ్లు ఎటు నుంచి, ఏ వాలున లోపలికి వస్తున్నాయన్నది ముఖ్యం. జయపురం బజారు నుంచి వంపు ముక్కలు తెచ్చి, గొట్టాల్ని నాలుగు గోడలకీ పంచి, అన్నీ ఒకే చుట్టు వైపు చూసేలా వాలుగా తిప్పాం, నీరంతా కలిసి నెమ్మదిగా తిరిగేలా. పాత తూము మూసేసి, సరిగ్గా మధ్యలో కొత్తవి పెట్టాం. ఒకటి కాదు, మూరెడు ఎడంగా రెండు నోళ్లు, కింద ఒకే గొట్టం. ఒకదానికి ఏదైనా అడ్డం పడితే రెండోది పీల్చుకుంటుంది, అడ్డం పడ్డదాన్ని మొదటిది వదిలేస్తుంది. ఇక మూత. చదునైన జాలీ అంటే నాకు దడ పట్టుకుంది. గుడ్డ గానీ, కాలు గానీ, పిల్లల జుట్టు గానీ దాని మీద పరుచుకుంటే పట్టుకుంటుంది. ఉబ్బెత్తుగా ఉండాలి, నీళ్లు పై నుంచి కాక పక్కల సన్న చీలికల్లోంచి పోవాలి. అలాంటి ఆకారం ఎక్కడుంది? బోర్లించిన ఇనప మూకుడు! ఒకటి బోరిగుమ్మ సంతలో దొరికింది. రెండోది గడువులోగా దొరకలేదు. మా అక్క మధ్యాహ్నం నిద్రపోతుండగా...

"దోసెలు నీ నెత్తి మీద పొయ్యమంతావేటిరా?" అని నాలుగు క్వార్టర్లకి వినిపించేలా అరిచింది అక్క. "ఎన్నేల్లు నూనె తాగిన మూకుడది! సట్టి నాగ నున్నగా అయ్యింది. దానికి కన్నాలెట్టీసినావా!" బావ అడ్డం వచ్చి, "ఊరుకోయే. ఆ మూకుడు నిలబడితే మనం ఇక్కడుంతాం. నేకపోతే నీకు మూకుడూ నేదు, మొగుడూ నేడు" అన్నాడు. అక్క చెంగుతో ముక్కు తుడుచుకుని, పక్కింటికి మూకుడు అరువడగడానికి పోయింది.

గడువు రోజు వచ్చింది. గట్టు మీద ఆఫీసర్లు, కంచె బయట బిందెలతో ఆడవాళ్లు. కొలనుని అప్పటికి కొన్ని వారాలుగా ఖాళీ చేయలేదు. అయినా పెద్దసాబు నమ్మలేదు. ముందే రెండు గంపల ఆకులు తెప్పించి తొట్టెలో నానబెట్టించి ఉంచాడు. బాగా నానిన ఆ ఆకుల్ని తన చేతుల్తోనే నాలుగు మూలలా పోశాడు. అవి అడుక్కి దిగి, పాత ఇంటికి తిరిగొచ్చినట్టు హాయిగా పడుకున్నాయి. బావ పంపుహౌసు గుమ్మంలోంచి నా వైపు చూశాడు. "ఎయ్యమంతావేటి?" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. "వెయ్యి బావా. ఒకటే. నెమ్మదిగా" అన్నాను.

మొదట ఏమీ కాలేదు. పక్కనున్న ఆఫీసరు దగ్గాడు. అప్పుడు నీటి మీద ఒక పుల్ల కదిలింది. గోడ వెంబడి నింపాదిగా ఒక చుట్టు వచ్చింది. ఇంకో చుట్టుకి అడుగున ఒక మూల ఆకు ఒకటి లేచింది. భోజనాలకి పిలుపందుకున్న చుట్టాల్లాగా ఆకులు ముందు మొహమాటపడ్డాయి, ఒకదాని వెనక ఒకటి కదిలాయి, ఆ తర్వాత నాలుగు మూలల నుంచీ గుంపులు గుంపులుగా బయలుదేరి, చుట్టూ తిరిగి, మధ్యకి చేరి, మూకుళ్ల పక్క చీలికల్లోంచి ఒకటొకటిగా లోపలికి పోయాయి. కాసేపటికి అడుగున తెల్లటి పలకలు తప్ప ఏమీ లేవు. మూలలు, కప్పలు కాపురం చేసిన ఆ మూలలు, అద్దంలా ఉన్నాయి. నేను ఎగిరానో లేదో నాకు తెలియదు, కానీ నా టోపీ నీళ్లలో కనిపించింది, అదీ చుట్టూ తిరుగుతోంది.

పెద్దసాబు అంతటితో వదల్లేదు. చొక్కా, ధోవతి విప్పాడు. లోపల కొత్త గాముఛా, దానికి రెండు ముళ్లు, ఆ ముళ్ల మీద ఫ్యాక్టరీ తోలు బెల్టు. నవ్వకుండా ఉండటానికి గట్టు మీద ఒక్కొక్కరు పడ్డ అవస్థ చెప్పలేను. ఆయన నీళ్లలోకి దిగి, నడుచుకుంటూ మధ్యకి వెళ్లి, మా అక్క మూకుడు మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడి, "చలాఅ!" అన్నాడు, నడిపించు అని. బావ నా వైపు చూసి, దేవుణ్ణి తలుచుకుని, రెండు పంపులూ వేశాడు. గాముఛా అంచు అటూ ఇటూ ఊగింది, అంతే. ఎక్కడికీ పోలేదు. పెద్దసాబు కళ్లు మూసుకుని, చేతులు జోడించి, దండం పూర్తిచేసుకుని, కళ్లు తెరిచి, "హౌ!" అన్నాడు. ఆ ఒక్క హౌకి కొండ మీది కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. కంచె అవతల మా అక్క, మూకుడు గురించి ఇన్నాళ్లు ఏడ్చిన మా అక్క, పక్కావిడ భుజం పట్టుకుని ఊపుతూ, "అమ్మీ, సూసినావేటి? ఆ సాబు నిలబడింది నా మూకుడు మీద!" అని అరుస్తోంది.

గులాబీలు వేయలేదు. నీళ్లు పారబోయడం ఆగిపోయింది, కుళాయి ఇంకాస్తసేపు వచ్చింది. బావ అదే పంపుహౌసులో రిటైరయ్యాడు, మేనకోడలు అదే కొలనులో ఈత నేర్చుకుంది. నాకు ప్రమోషన్ వచ్చింది, మేధావి అన్న పేరూ వచ్చింది. బావకి గాముఛాబావ అన్న పేరు అలాగే ఉండిపోయింది.

మేనకోడలు ఇప్పుడు రాయగడలో, వాళ్లాయన రైల్వే ఉద్యోగం. అక్కా బావా అక్కడే ఉంటున్నారు. మొన్న వెళ్లినప్పుడు, క్వార్టరు వసారాలో బావ పక్కన కూర్చుని, గూడ్సు బండి ఒకటి పోయేదాకా ఆగి, చెప్పేశాను. "బావా, ఆ రోజు జాలీ ఊచలు కోసింది నేను. మాట నీ మీద పడుతుంటే నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లూ మూసుకునే ఉన్నాను. నన్ను క్షమించు" అన్నాను.

బావ టీ గ్లాసు కింద పెట్టాడు. "నాకు తెల్దేటిరా? ఊచలు దాసింది నా పంపుహౌసులోనే గదా. ఆ పొద్దున్నే, పంపులు ఆపీసినాక సూసేను. బ్లీచింగు పీపా ఎనక ఎలక కూడా దాగనేదు, నువ్వు ఊచలు దాసేవు."

"మరి సెప్పనేదేం?" అన్నాను. ఎన్నేళ్ల తర్వాతో నా నోట కూడా మా యాస వచ్చేసింది.

"నీది కొత్త ఉద్యోగం. తీసీసేవోరు. నాకేటి, మాట పడితే సరిపోనాది. అయినా గాముఛాబావ అంటే మన కాలనీలో తెలీనోడు నేడు. పంపుబావలు ఊరూరా ఉంతారు" అని పెద్దగా, ఆ పాత గొంతుతోనే, నవ్వాడు.

లోపల నుంచి అక్క తలుపు పట్టుకుని తొంగిచూసింది. అంతా విన్నట్టుంది. కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. "ఆ సెమాపణలన్నీ అయిపోనాయేటి?" అంది. "అయితే మరి నా మూకుడు సంగతేటి?"

పోయిన నెల కొరాపుట్ వైపు పనిబడి, ఆ కాలనీకి వెళ్లి కొలను గట్టు మీద నిలబడ్డాను. నీళ్లు నింపాదిగా తిరుగుతున్నాయి. అడుగున, మధ్యలో, మూకుళ్లు రెండూ నల్లగా కనిపిస్తున్నాయి. గట్టు వారన నీటి గుంటలో బాగా నానిన ఆకు ఒకటి నా కాలి దగ్గర కనిపించింది. దాన్ని తీసి, ముంచి, నీళ్లలోకి వదిలి, ఆ ఇరవై రెండేళ్ల తలపొగరు కుర్రాడిలాగా ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాను. అది చుట్టూ తిరిగి, తిరిగి, మధ్యకి వెళ్లింది. నేను చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారణ చేసుకుని, "హౌ" అన్నాను.